సీసాడు కిరసనాయిలు

“ఎవడే ఆ కాకా?” అని అడిగింది కమలవ్వ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

కోడలు రాజ్యలక్ష్మి అప్పుడే ఫోన్ పెట్టేసింది. అవతల ఉన్నది నారాయణగూడలో మగ్గం వర్క్ నేర్పే నఫీసా ఆపా. మాట్లాడింది ఇంతే: “ఖాకా ఇంటికి తెచ్చుకున్న ఆపా. సార్ క్లాసుకు పోయినంక తలుపేసి, మెల్లగ పరుచుకుంట.” కుట్టబోయే బొమ్మను పల్చటి కాగితం మీద గీసి, గీత పొడుగునా సూదితో చిల్లులు పొడిస్తే దాన్ని ఖాకా అంటారు. కమలవ్వ చెవి ఆ కాగితానికి మీసం పెట్టి, లుంగీ కట్టి, కాకాను చేసి కూర్చోబెట్టింది.

“కాకా కాదత్తమ్మా, ఖాకా. కాయితం.”

“కాయితానికి తలుపేసుడెందుకే?”

“గాలికి పొడి ఎగురుతది.”

“ఎగురుతది, ఎగురుతది,” అంది కమలవ్వ, ఎగిరేది పొడి కాదన్నట్టు.

సాయంత్రానికల్లా అశోక్‌నగర్‌లోని ఆ బిల్డింగు మెట్లన్నీ కాకా ఎక్కి దిగాడు. కింద మెస్ నడిపే అన్నపూర్ణ దగ్గర చెయ్యి కడిగాడు. వాచ్‌మన్ బీరయ్యతో బీడీ పంచుకున్నాడు. లేని మనిషికి ఉన్నంత తిరుగుడు ఉన్న మనిషికి ఉండదు. రాజ్యలక్ష్మి మొదట నవ్వుకుంది. నవ్వాగింది ఎక్కడంటే, భర్త కరుణాకర్ ఇంటికొచ్చి, తల్లి చెప్పిందంతా విని, నవ్వకపోవడం దగ్గర. అరవకపోవడం దగ్గర కూడా.

కరుణాకర్ గ్రూప్స్ కోచింగ్‌లో రాజ్యాంగం చెప్తాడు. పేరులో రాజ్యం ఆమెకు, నోట్లో రాజ్యాంగం ఆయనకు, అలా పంచుకున్నారు. సమానత్వపు అధికరణాలు కళ్ళు మూసుకుని అప్పజెప్పగలడు, కళ్ళు తెరిస్తే మాత్రం టీ కావాలి. ఆయన పాఠాలకు సాఫు ప్రతులు ఆమె రాసింది, ఆయన శిష్యులకు ఉప్మాలు ఆమె కలిపింది. ఎవరైనా వస్తే “మా మేడం ఏం చేయదు, ఇంట్లనే ఉంటది” అని పరిచయం చేసేవాడు. ఆమె కుట్టడం మొదలుపెట్టాక పరిచయం పొడిగింది: “టైంపాస్‌కు పూలు కుడతది. నా అంగీకి బొత్తం ఊడితే మాత్రం టైముండదు.”

ఆ రోజు ఆయన అల్మారాలోని దగ్గుమందు సీసా తీసి వాసన చూశాడు. కిరసనాయిలు.

“గ్యాస్‌నూనెనా?”

“ఆపా ఇచ్చింది. తెల్లపొడిల కలిపి, గుడ్డతోటి ఖాకా మీద రుద్దుతరు. చిల్లులల్లకెళ్ళి బట్ట మీద చుక్కలు పడతయి. నూనె ఎగిరిపోతది, చుక్కలుంటయి.”

“మంచిగుంది,” అన్నాడు కరుణాకర్. సీసాను ఎక్కణ్ణించి తీశాడో అక్కడే, లేబుల్ ముందుకు వచ్చేట్టు పెట్టాడు.

పెళ్ళయినప్పటి నుంచి ఆమె చేసిన పనిని ఆయన మంచిగుంది అన్నది అదే మొదటిసారి. ఆమె వీపు మీద ఎవరో తడిగుడ్డ వేసినట్టయింది.

మర్నాడు మగ్గం ముందు కూర్చుంది గానీ సూది కదల్లేదు. మగ్గం అంటే నాలుగు కర్రల చట్రం, బట్టను డప్పులా బిగించడానికి. వంటింట్లో మగ్గింది చాలని మగ్గం తెచ్చుకుంది, ముందు గదిలో వేసుకుంది. ఆపా దగ్గర తక్కినవాళ్ళంతా పెళ్ళి జాకెట్లకు నెమళ్ళు కుడుతుంటే, ఆమె నల్ల బట్ట మీద అశోక్‌నగర్ హాస్టల్ కిటికీలు కుడుతోంది. ఒక్కో కిటికీకి ఆరేసిన బనియన్, బంగారు జరీతో. చూసి ఆపా పడీ పడీ నవ్వింది. “బనియన్‌కు జరీ పెట్టినవు బేటీ. మొగోళ్ళకు ఇంత ఇజ్జత్ ఎవ్వరియ్యలే.” ఆపా చెప్పిందే, ముడి ఎప్పుడూ బట్ట వెనకే పడాలని. తన మూడు ముళ్ళు నలుగురి ముందూ పడ్డాయి కదా, అందుకే ఇలా పీకుతున్నాయేమోననుకుంది. ఈ ఫ్లాటు నాన్న ఆమె పేరున రాసింది. ముందు గదిలో మంచాలేసి హాస్టల్ నడుపుదామని, ఫ్లాటు తన పేరుకు మార్చమని కరుణాకర్ ఉగాది నుంచి అడిగాడు. సంతకం పెట్టనంది. అడిగాడు, అలిగాడు, అరిచాడు, చివరికి అడగడం మానేశాడు. అరుపు ఆగితే హాయనుకుంది. ఆగిన అరుపు ఎక్కడికి పోతుందో ఆలోచించలేదు.

కరివేపాకు కోసం కిందికి దిగితే అన్నపూర్ణ ఆమె చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ గరిటె పట్టుకునే చెయ్యి, ఆ రోజు వదల్లేదు.

“అక్కా, ఎంత బాధున్నా నాకు చెప్పు. గట్లాంటి పని మాత్రం చేసుకోకు.”

“ఏ పని?”

“సార్ చెప్పిండు. తలుపేసుకొని కూసుంటున్నవంట. లేని కాకాతోని మాట్లాడుతున్నవంట. గ్యాస్‌నూనె తెచ్చి దాచిపెట్టినవంట. మనసు మంచిగ లేదు, జర కనిపెట్టుండుమన్నడు. బీరయ్యకు గూడ చెప్పిండు. పాపం, ఏడ్చిండక్కా.”

కన్నతండ్రి పోయిననాడు కూడా కళ్ళు తడపని మనిషి.

మెట్లెక్కుతుంటే ఆపా మాట చెవిలో మోగింది: “ఖాకా పొడిచినోళ్ళదే డిజైన్ బేటీ. కుట్టేటోళ్ళు చుక్కల వెంబడి పోవుడే.” ఆయన పొడుస్తున్నాడు. అన్నపూర్ణ దగ్గరొక చిల్లు, బీరయ్య దగ్గరొక చిల్లు. విడివిడిగా చూస్తే ఏమీ కనిపించదు, ఉత్త చిల్లులే. రేపు ఒక్కసారి నూనె గుడ్డతో రుద్దితే చాలు, బొమ్మంతా బయటపడుతుంది: పిచ్చిది, పాపం, తనకు తానే. తర్వాత బిల్డింగంతా చుక్కల వెంబడి పోతుంది. కుట్టుకూ కుట్రకూ ఒక్క వత్తే తేడా అని ఇన్నాళ్ళూ సరదాకి అనుకునేది.

తలుపు తీసి చూస్తే మగ్గం కింద డబ్బా. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, మెడ దాకా నీలంరంగు కిరసనాయిలు. సీసాడు ఆమెకు సంవత్సరం వస్తుంది.

“నీ పనికే తెచ్చిన,” అన్నాడు కరుణాకర్ పేపరు వెనక నుంచి. “మాటిమాటికి ఆపాను అడుగుడెందుకు?”

ఒక్క సూదైనా కొనిపెట్టని మనిషి. రాజ్యలక్ష్మి “మంచిగుంది” అంది. ఆయన మాటే, ఆయన గొంతుతోనే. ఆ రాత్రి అత్తమ్మ పక్కన చాప వేసుకుంది.

చుక్కలు పడ్డాక కూడా ఒక వీలుంది. కుట్టక ముందైతే దులిపేయొచ్చు.

ఆదివారం పొద్దున సెల్లార్‌లో నీళ్ళ ట్యాంకు గురించి మీటింగు. కుర్చీల్లో అందరూ, అందరి ముందు కరుణాకర్. మంజీరా నీళ్ళ మీద ఆయన ఉపన్యాసం మంచి ఊపులో ఉండగా రాజ్యలక్ష్మి దిగింది. ఒక చేతిలో నల్ల బట్ట, ఖాకా, పొడి పొట్లం, సీసా. ఇంకో చేతిలో డబ్బా. బరువుకు భుజం ఒక పక్కకు వంగింది. వెనకే మోకాళ్ళు పట్టుకుంటూ కమలవ్వ.

“అందరున్నరు గద, జర మా కాకాను చూపిస్త,” అంది.

బల్ల మీద బట్ట పరిచింది. దాని మీద చిల్లుల కాగితం. సీసాలోంచి కొన్ని చుక్కలు తెల్లపొడిలో కలిపి గుడ్డతో రుద్దింది. కాగితం లేపితే నల్ల బట్ట మీద తెల్ల చుక్కల బనియన్ వేలాడుతోంది. ఎవరో కిసుక్కుమన్నారు.

“కాయితం పేరు ఖాకా. మా అత్తమ్మకు కాకా అని ఇనపడ్డది. తలుపేసేది పొడి ఎగరకుండ. నూనె గిందుకు, గింతే.”

“ముందే చెప్పొద్దా అక్కా,” అంది అన్నపూర్ణ నవ్వుతూ. “కాకాకు అన్నం కూడ వండాల్నేమో అనుకున్న.”

అందరూ నవ్వారు. బీరయ్య తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. రాజ్యలక్ష్మి నవ్వు పూర్తిగా ఆగనిచ్చింది.

“ఈ సీసా నాది. ఈ డబ్బా నాది కాదు. నాకు మనసు మంచిగనే ఉన్నది. చచ్చిపోవాలని లేదు. ఈ బట్ట మీద ఇంకా మస్తు కిటికీలు కుట్టేదున్నది. రేపు ఎవరన్న వేరే తీర్గ చెప్తే, ఇయ్యాల విన్నది యాదుంచుకోండ్రి.”

కరుణాకర్ లేచాడు. “ఏం మాట్లాడుతున్నవ్? చూస్తున్నరు గదా, నేను చెప్పిన గదా, ఆమెకు మనసు... ఆ డబ్బా తెచ్చుకున్నది గూడ ఆమెనే.”

కమలవ్వ చెంగుతో మూతి తుడుచుకుంది.

“నువ్వే తెచ్చినవు కొడుకా. బస్తాల చుట్టి తెచ్చి మగ్గం కింద పెట్టినవు. చెవులే మందం నాకు. కండ్లు మంచిగున్నయి.”

కరుణాకర్ కళ్ళు మూసుకున్నాడు. అధికరణం ఏదీ గుర్తుకు రాలేదు.

“బీరయ్యా, ఈ డబ్బా నీ పొయ్యికి తీస్కపో,” అంది రాజ్యలక్ష్మి. బట్ట మీది చుక్కలను అరచేత్తో ఒక్క దులుపు దులిపింది. “అన్నపూర్ణా, ఇయ్యాల్టి సంది సార్‌కు నీ మెస్సే. అశోక్‌నగర్‌ల హాస్టళ్ళకు కరువా, ఒక మంచం దొరకకపోదు. అత్తమ్మా, లెవ్వు. పైకి పోయి తాళం మారుద్దాం.”