నా ఎదుట చేసిన సంతకాలు

వెర్నా బంగాళదుంపలు చెక్కు తీస్తుంటే మొగుడు రాయిస్ వచ్చి ఆ తొక్కల పక్కనే ఒక కాగితాల కట్ట పడేశాడు. ఇరవై ఒక్క ఇళ్ళని, గురువారానికల్లా అన్నీ సంతకాలతో తిరిగి రావాలని చెప్పాడు. ఆడవాళ్ళతో కబుర్లు చెప్పే పనే కదా, నీకు సులువే అన్నాడు. చెయ్యి తుడుచుకుని పై కాగితం తీసి చూసింది. 'రాయిస్ హోల్స్‌క్లా నామినేషన్ పత్రంలో నా పేరుకు ఎదురుగా ఉన్న సంతకం నాదే, నేనే స్వయంగా పెట్టాను' అని ఉంది. కింద ఖాళీ గీత. మళ్ళీ చాకు అందుకుంది గానీ, ఆ తరవాత చెక్కిన దుంపలకి తొక్క ఎంత పోయిందో, దుంప ఎంత పోయిందో ఆమెకే తెలియదు.

టాల్‌మన్ ఫెర్రీలో స్కూల్ బోర్డుకి నిలబడాలంటే యాభై మంది ఓటర్లు సంతకాలు పెట్టాలి. ఆ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన మనిషి ప్రతి పుట చివరా, వీళ్ళందరూ నా ఎదుటే సంతకం చేశారని ప్రమాణం చేసి తన పేరు రాయాలి. దాని మీద నోటరీ ముద్ర పడాలి. రాయిస్ పన్నెండేళ్ళుగా బోర్డులో ఉన్నాడు, అందులో ఆరేళ్ళు అధ్యక్షుడు. జీతం భత్యం లేని పదవి కోసం మనిషి ఇంత పాకులాడతాడా అని కొత్తవాళ్ళకి అనిపించవచ్చు. ఏ టీచరు ఉండాలో, ఏ బస్సు ఏ రోడ్డుకి వెళ్ళాలో, ఏ పిల్లకి ఏ సాయం దొరకాలో తేల్చేది ఆ బల్ల దగ్గరే. ఊళ్ళో ప్రతి తల్లీ ఏదో ఒక రోజు ఆయన ముందు నిలబడి బతిమాలుకోవాలి. ఆ బతిమాలించుకోవడమే ఆయనకి జీతం.

నాలుగేళ్ళకోసారి ఆ కాగితాలు మోసేది మాత్రం వెర్నా. అభ్యర్థే తన కాగితం తనే పట్టుకుని గుమ్మాలెక్కితే అడుక్కుంటున్నట్టు ఉంటుందని రాయిస్ అభిప్రాయం. పెళ్ళాం అడుక్కుంటే పరవాలేదు కాబోలు. వృద్ధుల ఆశ్రమంలో ఎనిమిది గంటలు ముసలివాళ్ళని ఎత్తి, తిప్పి, తుడిచి, అటునుంచి అటే నవంబరు చలిలో వీధులు పట్టుకునేది. తలుపు తీసింది మగవాడైతే సంతకం పెట్టేసేవాడు. మీ ఆవిడ ఉందా అంటే స్నానంలో ఉంది, డ్యూటీకి వెళ్ళింది, దానికి నేను చెబుతాలే అనేవాడు. అలా నలభై రెండు కూడబెట్టింది. ఇంకా ఎనిమిది కావాలి, రెండు రోజుల్లో అయిపోయేవి.

రాయిస్‌కి ఆ రెండు రోజులు ఓపిక లేకపోయింది. ఆదివారం ఫుట్‌బాల్ ఆట చూడడానికి అందరూ బార్లో చేరినప్పుడు కాగితం అక్కడికి పట్టుకెళ్ళాడు. ఆ ఊరి మగవాళ్ళకి ఒక అలవాటుంది. పెళ్ళాం పేరు వాళ్ళే రాసేస్తారు. బడి నుంచి వచ్చే కాగితాల మీద, చర్చిలో హాజరు పుస్తకంలో, ఆఖరికి అత్తగారికి పంపే పుట్టినరోజు కార్డు మీద కూడా. అందులో తప్పేముందో వాళ్ళకి నిజంగానే తెలియదు. బీరు సీసాలు పక్కకి జరిపి, వరసగా ఇరవై ఒక్క మంది తమ భార్యల పేర్లు రాసి పెట్టారు. ఒకడికి పెళ్ళాం పేరు స్పెల్లింగు గుర్తురాక పక్కవాణ్ణి అడిగాడట. అది చెప్పుకుని రాయిస్ ఇంట్లో పడీపడీ నవ్వాడు.

మర్నాడు, నోటరీ ఉండే బ్యాంకు ముందు ట్రక్కు ఆపి, ప్రమాణం కింద సంతకం పెట్టమన్నాడు. ఈ ఆఖరి పుట సంతకాలు నా ఎదుట జరగలేదు కదా అంది వెర్నా. అంతే అంది, నెమ్మదిగానే అంది. అతని చెయ్యి ఆమె మెడ వెనక జుట్టులోకి వెళ్ళింది. ముఖాన్ని డాష్‌బోర్డు మీద ఆనించి, చెంప ఎముక కరకరమనేదాకా అదిమిపట్టి, ఎదురుగా వెళ్తున్నవాళ్ళకి రెండో చేత్తో హలో చెబుతూనే ఉన్నాడు. గొంతు ఏమాత్రం పెరగలేదు. పన్నెండేళ్ళ మీటింగులు ఆయనకి నేర్పింది ఆ గొంతే. తరవాత ఆమె లోపలికెళ్ళి సంతకం పెట్టింది. నోటరీ ఆమె ముఖం వంక చూశాడు, గడియారం వంక చూశాడు, ముద్ర కొట్టాడు.

పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఆమెని పక్కకి పిలిచి, మా వాడికి కోపమొచ్చినప్పుడు కాసేపు గ్యారేజీలోకి వెళ్ళి కూర్చో అమ్మా, అదే తగ్గుతుంది, వాళ్ళ నాన్నదీ అదే తీరు అని చెప్పింది. అదేదో ఇంట్లో పైపు ఎక్కడ కారుతుందో కొత్త కోడలికి చూపించినంత మామూలుగా చెప్పింది. పంతొమ్మిదేళ్ళుగా వెర్నా గ్యారేజీలో కూర్చుంటూనే ఉంది. రెండు పక్కటెముకలు, ఒక కర్ణభేరి, ఎడమచేతి చిటికెన వేలు. ముఖం మీద మాత్రం నిలిచిపోయే గుర్తు పడనివ్వడు. ఫోటోల్లో పక్కన నిలబడాలి కదా.

ఈసారి మాత్రం అతని లెక్క తప్పింది. ఇదివరకు స్కూల్లో లైబ్రేరియన్‌గా చేసి రిటైరైన టెస్ బ్రానిగన్, నామినేషన్ కాగితాల నకలు తెచ్చుకుని భూతద్దం పెట్టి చూసింది. నలభై ఏళ్ళపాటు పిల్లలు తల్లుల సంతకాలు దొంగగా పెట్టి తెస్తే పట్టుకున్న మనిషి. తండ్రులు పెట్టినవి పట్టుకోలేదా మరి. ఇరవై ఒక్క సంతకాల మీద అభ్యంతరం రాసిచ్చింది. అవి పోతే మిగిలేది నలభై రెండు, రాయిస్ పేరు బ్యాలెట్ ఎక్కదు. కనీసం ఎనిమిది మంది ఆడవాళ్ళు ఆ సంతకం మాదే అని రాసిస్తే గట్టెక్కుతాడు. దానితోపాటు కౌంటీ ఎన్నికల అధికారుల ముందు వెర్నా నిలబడి, అవును, అందరూ నా ఎదుటే చేశారు అని చెప్పాలి.

"ఒకటి గుర్తుపెట్టుకో, ఆ ప్రమాణం కింద ఉన్నది నీ పేరు, నాది కాదు," అన్నాడు రాయిస్ అన్నం దగ్గర కూర్చుని. "నాకు పోతే పదవి పోతుంది. జైలుకి పోయేది నువ్వు."

దుంపలు బాగా ఉడికాయని కూడా అన్నాడు.

మొదటి ఇల్లు బార్ యజమాని భార్య లుడీన్‌ది. కాగితం చూసి ఫక్కున నవ్వింది. మా ఆయన నా సంతకం నాకంటే బాగా పెడతాడు, ఇందులో ఏముందిలే అంటూ గోడకి ఆనించి గీకేసింది. ఆ తరవాత ఆరిళ్ళలోనూ అలాగే జరిగింది. కొందరు విసుక్కుంటూ, కొందరు జాలిపడుతూ పెట్టేశారు. ఎవరికీ చదివే తీరికే లేదు. పొయ్యి మీద ఏదో మాడుతోంది, పిల్లెవరో ఏడుస్తోంది. వెర్నా ఏడు కాగితాలు సంచీలో పెట్టుకుంది. ఇంకొక్కటి చాలు. పక్కటెముకల్లో బిగదీసుకున్నదేదో కాస్త సడలినట్టయింది. అలా సడలినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఎనిమిదో ఇల్లు ఇర్మా స్టాల్‌వర్త్‌ది. ఇర్మా కూతురికి చెవులు వినపడవు. క్లాసులో సైగలతో చెప్పే మనిషిని ఇమ్మని ఇర్మా మూడేళ్ళుగా బోర్డుని అడుగుతోంది. ఒక్క పిల్ల కోసం మనిషిని పెడితే రేపు ప్రతివాడూ అడుగుతాడని కొట్టేసింది రాయిసే. తన పేరు అతని నామినేషన్లో ఉందని ఆమెకి ఆ క్షణం దాకా తెలియదు. కాగితం చదివింది, మళ్ళీ చదివింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"మీ ఆయన్ని నిలబెట్టమని నేను సంతకం పెట్టానా? నేనా?"

ఇర్మా కలం తీసుకుని, నాదే అన్నచోట కొట్టేసి, ఇది నా సంతకం కాదు, నా మొగుడి చేతిరాత అని పెద్ద అక్షరాలతో రాసి, కింద సంతకం చేసి ఆమె చేతిలో పెట్టింది. తీసుకెళ్ళి ఇవ్వు, నీకు దమ్ముంటే, అంది. తలుపు వేసిన చప్పుడికి గుమ్మానికున్న గంట చాలాసేపు ఊగింది.

తొమ్మిదో ఇంట్లో పెర్ల్ మాథిస్. డెబ్బై దగ్గరపడ్డ మనిషి. తలుపు ఆమె తీసింది గానీ వెనకే మొగుడు నిలబడ్డాడు. సంతకం అన్న మాట వినగానే, పెట్టేయ్, చలిగాలి లోపలికొస్తోంది అన్నాడు. పెర్ల్ కళ్ళజోడు తెచ్చుకుంటానంది. ఎందుకు, చదవడానికా అంటూ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. మామూలుగానే వేశాడు, చూసేవాళ్ళకి ముద్దుగా కూడా ఉంటుంది. బొటనవేలు మాత్రం మెడ పక్క గుంటలోకి దిగింది. ఆ గుంట వెర్నాకి తెలుసు. అక్కడ నొక్కితే చెయ్యి వేళ్ళదాకా తిమ్మిరెక్కుతుంది. పెర్ల్ కళ్ళజోడు లేకుండానే, గీత ఎక్కడుందో వెతుక్కుంటూ సంతకం పెట్టింది. పెట్టి వెర్నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. ఆశ్రమంలో మంచం పట్టినవాళ్ళు, ఒళ్ళు తుడవడానికి వచ్చిన మనిషిని ఎలా చూస్తారో అలా. కానివ్వు తల్లీ, నువ్వూ నీ పని చేసుకుంటున్నావు కదా అన్నట్టు.

కారులోకి వచ్చి కూర్చుంది గానీ తాళం తిప్పలేకపోయింది. తను ఇప్పుడు ఏం చేసింది? ట్రక్కులో తన మెడ వెనక దిగిన చెయ్యి ఇవాళ తన భుజానికే మొలిచి, పెర్ల్ గుమ్మం దాకా వచ్చింది. రాయిస్ ఆ ఇంటికి రానక్కర్లేదు, ఆయనకి బదులు తను వెళ్ళింది. ఎవరి మీదా వేలు వెయ్యకుండా, నవ్వుతూ, చలికి సారీ చెబుతూ. ఇన్నేళ్ళూ తను భరించింది కాబట్టి తన చేతులు శుభ్రంగా ఉన్నాయనుకుంది. ఎంత తెలివితక్కువ! నలభై నాలుగేళ్ళ మనిషికి ఇది అర్థం కావడానికి ఎవరో ముసలావిడ మెడ నలిగిపోవాలా? ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పెర్ల్ కాగితం తీసి నాలుగు ముక్కలు చేసింది. తరవాత లుడీన్‌ది, మిగతా ఆరూ. ఇర్మా రాసింది ఒక్కటి మడిచి లోపలి జేబులో పెట్టుకుంది. మిగిలిన పన్నెండు ఇళ్ళకి వెళ్ళలేదు.

గురువారం పొద్దున్న, విచారణకి గంట ముందు, రాయిస్ కాఫీ తాగుతూ కాగితాలేవని అడిగాడు. లేవంది. ఏమిటి లేవు అన్నాడు. ఎవరూ పెట్టలేదా అన్నాడు. పెట్టారు, చించేశాను అంది వెర్నా. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకి నమ్మకం కుదిరేలోపే కాఫీ కప్పు ఆమె చెవి పక్కనుంచి వెళ్ళి గోడకి తగిలింది. జుట్టు పట్టుకోలేదు, ఇవాళ జుట్టు దువ్వి ఉంది. కుడిచెయ్యి పట్టుకున్నాడు. వీపు వెనక్కి తిప్పి పైకెత్తాడు, ఇంకా ఎత్తాడు. భుజంలో ఏదో చప్పుడైంది, కోడి రెక్క విరిచినప్పుడు వస్తుందే, అదే చప్పుడు. వెర్నా నేల మీద మోకాళ్ళ మీద పడి, గిన్నెల బీరువా కింద ఎప్పటిదో ఒక బఠాణీ గింజని చూస్తూ వాంతి చేసుకుంది. అతను పక్కనే గొంతుక్కూర్చుని, మీటింగులో మాట్లాడే గొంతుతో చెప్పాడు.

"కాగితాలు లేకపోయినా పరవాలేదు. నువ్వొక్కదానివి చెప్పు చాలు. 'అవునండి, అందరూ నా ఎదుటే చేశారు.' అనవే ఒకసారి."

అంది. మూడుసార్లు అనిపించాడు. తరవాత నేల తుడవమన్నాడు. ఎడమచేత్తో తుడిచింది. కోటు అతనే తొడిగాడు, చాలా జాగ్రత్తగా, గుండీలు కూడా పెట్టాడు.

కౌంటీ కచేరీలో పొడుగాటి బల్ల వెనక ముగ్గురు అధికారులు కూర్చున్నారు. రాయిస్ వాళ్ళ ముగ్గురితోనూ కరచాలనం చేసి, అందులో ఒకాయన్ని వాళ్ళ తల్లి ఆరోగ్యం గురించి అడిగాడు. ఆ తల్లికి రోజూ ఒళ్ళు తుడిచేది వెర్నా. ఆయన వెర్నాని గుర్తుపట్టలేదు. టెస్ బ్రానిగన్ ఒక పక్కగా, ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చుంది. వెనక వరసలో ఇర్మా, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, జరిగేదంతా వేళ్ళతో ఆ పిల్లకి చెబుతోంది. భుజం మంట మెదడుకి ఎక్కుతోంది. వెర్నాకి బల్లా మనుషులూ కాస్త ఊగుతున్నట్టుంది. నిజం చెబితే దొంగ ప్రమాణం చేశానని ఒప్పుకున్నట్టే. ఏ మాట చెప్పినా సాయంత్రానికి ఇల్లు అదే, వంటగది అదే. లేదా ఇల్లే ఉండదు. భయం వేసింది. పంతొమ్మిదేళ్ళలో ఎన్నడూ ఇంత భయం వెయ్యలేదు, ఎందుకంటే ఎన్నడూ ఏమీ చెయ్యబోలేదు.

పేరు పిలిచారు. వెళ్ళి నిలబడింది. వెనకనుంచి రాయిస్ మెల్లిగా దగ్గాడు.

క్లర్కు చిన్న వయసు అమ్మాయి, మర్యాదగా లేచి, "కుడిచెయ్యి పైకెత్తండి మేడమ్, ప్రమాణం చేయిస్తాను," అంది.

వెర్నా ఎత్తబోయింది. చెయ్యి నడుము దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకొంచెం ప్రయత్నిస్తే కళ్ళు చీకట్లు కమ్మాయి. ఇర్మా వేళ్ళు గాల్లో ఆగిపోయాయి. పరవాలేదండి, ఎడమచెయ్యి ఎత్తినా చాలు, అంది క్లర్కు కంగారుగా. మా ఆవిడకి కాస్త వాతం, అన్నాడు రాయిస్ నవ్వుతూ, కుర్చీలోంచి సగం లేచి.

వెర్నా ఎడమచేత్తో కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పింది. కోటు జారి కిందపడింది. పొట్టిచేతుల చొక్కాలోంచి జబ్బ కీలు తప్పి కిందికి వేలాడుతూ, ఉబ్బి, కమిలి ఉంది. ముగ్గురూ చూసేదాకా ఆగి, అప్పుడు ఎడమచెయ్యి ఎత్తింది.

"ప్రమాణం చేస్తాను. సంతకాల సంగతి కూడా చెబుతాను, నా తప్పుతో సహా," అంది. "ముందు ఈ కుడిచెయ్యి ఎందుకు లేవదో చెబుతాను, అది రాసుకోండి."