ఆర్మూర్ యార్డులో అధ్యక్షుడు

ఆఫ్రికా నుంచి ఒక దేశాధ్యక్షుడు మా ఆర్మూర్ పసుపు యార్డు చూడటానికి వస్తున్నాడని తెలిసినప్పటి నుంచి ఊళ్లో ఒకటే హడావిడి. గోడలకు సున్నం వేశారు. ఏళ్లుగా కంపు కొడుతున్న మోరీ మీద బండలు పరిచారు. సేట్లంతా కొత్త చొక్కాలు కుట్టించుకున్నారు. ఆయన ఎందుకొస్తున్నాడో మాత్రం ఎవరికీ సరిగా తెలియదు. నాకైతే దేశాలు తిరగడమే ఆయన ఉద్యోగమేమో అనిపించింది. ముందు ఢిల్లీ, తర్వాత మేము, ఆ తర్వాత ఇంకో రెండు దేశాలట.

ఆయనతో నిజంగా పనిబడ్డది ఒక్క ఎస్తేరమ్మకే. నాతోపాటు యార్డులో పసుపు కొమ్ములు ఏరే కూలి మనిషి. ఆమె భర్త జాన్ ఆ దేశంలోనే జైల్లో ఉన్నాడు. బోరు బండి మీద పనికి పోయాడు. ఓనరు జనాన్ని ముంచి పారిపోతే, పోలీసులు దొరికిన పనివాళ్లను లోపలేశారు. జాన్ తప్పు లేదని కోర్టే తేల్చింది. కానీ పరదేశి ఖైదీని వదలాలంటే అధ్యక్షుడి సంతకం కావాలట. అధ్యక్షుడేమో ఎప్పుడు చూసినా విదేశాల్లోనే.

"గాయిన మన ఊరికే వస్తుండట గదా. నా పేరొక్కటి ఆయన చెవుల ఏస్తే చాలు," అని జాన్ ఫోన్లో ఏడ్చాడు.

ఎస్తేరమ్మ పోయి కమిషన్ ఏజెంట్ దినకర్ సేటు కాళ్లావేళ్లా పడింది. స్వాగతం పళ్లెం పట్టే ఆడవాళ్లలో ఆమెను నిలబెట్టడానికి ఆయన ఒప్పుకున్నాడు.

"ఒక్క మాటనే, ఎస్తేరమ్మా. మా బిడ్డ వినీత ఇంగ్లీషుల చెప్తది. లొల్లి చేయొద్దు మల్ల," అన్నాడు.

అధ్యక్షుడు వచ్చాడు. సేటు ఆయనకు పాతకాలపు బేరం చూపించాడు. తువ్వాల కింద కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, వేళ్లు నొక్కుతూ, నోరు విప్పకుండా ధర తేల్చుకోవడం. ఇప్పుడు ధరలన్నీ కంప్యూటర్‌లోనే. అయినా పెద్దమనుషులకు ఇలాంటివే ముచ్చట. ఇక్కడ చేతులే మాట్లాడతాయని వినీత చెబితే ఆయన మురిసిపోయాడు.

అప్పుడు ఎస్తేరమ్మ పళ్లెంతో ముందుకొచ్చింది.

"అయ్యా, మా ఆయన జాన్ మీ జైల్ల ఉన్నడు. తప్పు లేదని కోర్టు చెప్పింది. మీరు సంతకం పెడితే ఇంటికొస్తడు," అని గుక్క తిప్పుకోకుండా అనేసింది.

వినీత తండ్రి వైపు చూసింది. సేటు తల అడ్డంగా ఊపాడు. ఆ పిల్ల ఇంగ్లీషులో ఏదో చెప్పింది, అధ్యక్షుడు నవ్వాడు. జైలు ఇంగ్లీషులోనూ జైలే కదా. ఆ మాట రాలేదు, జాన్ పేరూ రాలేదు. మేమంతా చెవులు రిక్కించుకునే ఉన్నాం.

"వినీతమ్మా, జైలని చెప్పకపోతివి!" అని ఎస్తేరమ్మ అరిచింది. సేటు సైగ చేయగానే డప్పులు మోగాయి. ఆమె నోరు కదులుతోంది గానీ పక్కనున్న నాకే వినపడలేదు. దాంతో పళ్లెం కింద పెట్టేసి, బేడీలు వేసినట్టు రెండు మణికట్లూ ఒకదానిమీద ఒకటి పెట్టి ఆయన ముందుకు చాపింది.

ఇదీ యార్డు సైగే అనుకున్నాడు ఆ మహానుభావుడు. తన మణికట్లు కూడా అలాగే పెట్టి వంగాడు. వెనకున్న మంత్రులూ అలాగే వంగారు. సిగ్గులేని సేటు కూడా వంగాడు. కెమెరాలు టపటపలాడాయి, అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కారెక్కి వెళ్లిపోయాడు.

వారం తర్వాత యార్డులో ఉండగానే జాన్ ఫోన్ చేశాడు. ఎస్తేరమ్మ స్పీకర్ పెట్టింది.

"నిన్ను జూసిన, ఎస్తేరూ. జైలు గేటుకాడ మీ ఇద్దరి ఫోటో పెద్దగ పెట్టిండ్రు. పొద్దుగాల అందరం దాని ముందు నిలబడి చేతులు గట్లనే పెట్టాలె. గది మన దేశపు దండమంట."

"పెడుతున్నవా?" అని అడిగింది ఎస్తేరమ్మ.

"పెడుతున్న. బేడీలు ఉండనే ఉంటయి గదా, కష్టమేం లేదు."