చింతగింజల గంజి పట్టిన పొర

ఉరకలేసి దిగిన గంగను జటాజూటంలో వడగట్టి, లోకానికి నిర్మలధారగా విడిచిన చంద్రశేఖరునికి నమస్కరించి ఈ కథ చెబుతున్నాను.

మల్లాపూర్‌లో దయాకర్ అనే ఆసామికి బట్టలకు రంగులద్దే కార్ఖానా ఉంది. దాని మురుగంతా వెనుక నుంచి నాచారం వైపు పారే నాలాలోకే పోయేది. ఊదారంగు నురగ, కుళ్లిన గుడ్ల కంపు, ఒడ్డంతా జిగట. ఆ మురికిని వడగట్టడానికి ప్రవీణ అనే కెమిస్టు ఒక యంత్రంలో పాలిమర్ పొర బిగించింది. రెండు రోజులకే దానికి నల్లని జిగురు పట్టి నీరు దిగడం ఆగింది. రెండో పొర కూడా చెడితే యంత్రాన్ని తుక్కుకు వేస్తానని దయాకర్ తేల్చి చెప్పాడు.

అక్కడ పనిచేసే ఉప్పలయ్య తండ్రి గొంగళ్లు నేసినవాడు. నేసిన గొంగడికి దుమ్ము, తడి అంటకుండా చింతగింజల గంజి పట్టించడం ఉప్పలయ్యకు చిన్ననాటి పని. ఆ గంజినే రెండో పొరకు పూసి చూడమన్నాడు. ప్రవీణ దాన్ని పలుచగా కాచి, నీటికి కరిగిపోకుండా మందు కలిపి, పూసి ఆరబెట్టింది. ఈసారి పది రోజులైనా జిగురు అంటలేదు. గ్లాసులోకి తేటనీరు దిగింది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ పేరిట దయాకర్, ఎవరినీ అడగకుండా, యంత్రం మూత విప్పించి పొరకే నూనె, పసుపు దట్టంగా పట్టించి కుంకుమబొట్లు పెట్టాడు. మర్నాడు నీరు దిగలేదు. దోషమంతా చింతగింజల మీదికి నెట్టి, మురుగును నేరుగా నాలాలోకి వదిలే పాత గొట్టం తెరిపించాడు. ముందు గదిలో అమ్మవారికి హారతి, వెనుక గోడ దాటగానే ఊదారంగు విషం. ఇంతకన్న రోత పుట్టించే పూజను నేను ఎరుగను.

ప్రవీణ పొరను విప్పి తెచ్చి దయాకర్ ముందు పరిచింది. పసుపు అంటిన మేర జిడ్డు గడ్డకట్టి ఉంది. అంటని అంచులు కడిగినట్టు శుభ్రంగా ఉన్నాయి.

"గంజి తప్పేం లేదన్నా," అన్నాడు ఉప్పలయ్య. "నువ్వు జేసిన పూజే అడ్డం బడ్డది. జర వాసన సూడు."

దయాకర్ వంగి చూశాడు. మక్కిన నూనె కంపు ముక్కుకు కొట్టగానే గాలి కోసం వెనుక తలుపు తీసి బయటికి ఉరికాడు. ఎదుట అతని నాలాయే పారుతోంది. ఒడ్డున కూలబడి కడుపులోనిదంతా కక్కాడు.

కాసేపటికి మూతి తుడుచుకొని వచ్చి మెల్లగా అన్నాడు: "ఆ గొట్టం మూయున్రి. కొత్త పొరకు గంజి పెట్టు బిడ్డా. ఈసారి బొట్టు దర్వాజకే పెడ్త."

ఈ కథ విన్నవారి బావులలో, బోర్లలో నీరు తేటగా ఊరుగాక. వారి భక్తి ఏ నీటికీ అడ్డుపడకుండుగాక.