బోర్డుకు చెప్పుకున్న మాటలు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలైంది. ఆ రోజు బంద్ కూడా తోడైంది. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ప్రైవేటు జూనియర్ కాలేజీ గేటు తెరిచారు గానీ పిల్లలెవరూ రాలేదు. సైదాబాద్ నుంచి నడిచి వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. రాక ఏం చెయ్యను? నా భార్య అమ్మాజీకి బ్యాంకులో ఏలూరు బదిలీ అయి రెండేళ్లయింది. అద్దె వాటాలో గోడలు చూస్తూ ఎంతసేపని కూర్చోను? స్టాఫ్ రూములో ఈ మధ్య నేను అడుగు పెట్టగానే మాటలు ఆగిపోతున్నాయి. నేను ఆంధ్రా సారుని.

క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుని ఫిజిక్స్ పేపర్లు దిద్దుతున్నాను. సౌజన్య పేపరు వచ్చింది. క్లాసులో ఎప్పుడూ మొదట ఉండే పిల్ల బొటాబొటిగా పాసైంది. రెండు వారాల క్రితం ముందు బెంచీ వదిలి ఇక్కడికి వచ్చి కూర్చుంది. వారంగా రావడమే లేదు. ఊరేగింపులు తిరిగి చెడిపోయిందని విసుక్కుంటూ తలెత్తాను. మొన్న నేను రాసిన లెక్క బోర్డు మీదే ఉంది. కిటికీ వెలుతురు పడి కింది సగం కనబడడం లేదు. పొట్టివాణ్ని, రాసేదంతా ఆ కింది సగంలోనే. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఒక్కసారీ ఈ బెంచీలో కూర్చోలేదని సిగ్గేసింది. అయినా ఆ పిల్ల వెనకబడిన కారణం దొరికిందని సంబరపడ్డాను.

ఆటోలు లేవు. అడ్రసు రాసుకుని మీర్‌పేట్ దాకా గంటన్నర నడిచాను. వాళ్ల నాన్న దశరథ కుర్చీ తెచ్చి వేసి, చాయ్ పెట్టించడానికి లోపలికి వెళ్లాడు. వెనక నుంచి బోర్డు కనబడదని చెప్పలేదేమని సౌజన్యను అడిగాను. సోమవారం నుంచి ముందుకొచ్చెయ్యమన్నాను.

ఆ పిల్ల గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది.

"బోర్డు సంగతి కాదు సార్. మీరు అటు తిరిగి రాసుకుంట మీలో మీరు అనేటియి ముందు బెంచీకి ఇనవడ్తయి. తిని కూసున్నోళ్లు బస్సులు ఆపిన్రు అన్నరు. మా నాయిన బస్సు డ్రైవరు సార్."

అవన్నీ నేను మనసులో అనుకుంటున్నాననుకున్నాను. ఇంట్లో పలకరించే మనిషి లేక, కాలేజీలో వినే మనిషి లేక, బోర్డుకు చెప్పుకోవడం అలవాటైపోయింది. నన్ను చూసి ముఖం తిప్పుకోనిది ఆ బోర్డొక్కటే.

దశరథ చాయ్ గ్లాసు చేతికిచ్చాడు. పోయేటప్పుడు స్కూటర్ మీద దింపి వస్తానన్నాడు. తల ఊపి తాగాను.

సోమవారం కిటికీకి పాత చార్టులు అంటించాను. స్టూలెక్కి పై సగంలో రాశాను. నోరు మూసుకుని రాసి, తిరిగి, ముఖాలు చూసి అప్పుడు చెప్పాను. పాఠం పావుగంట ముందే అయిపోయింది.

సౌజన్య వచ్చింది. చివరి బెంచీలోనే కూర్చుంది. ముందుకు రమ్మని పిలవాలనుకున్నాను గానీ, అటు తిరిగి బోర్డు తుడిచాను.