కనబడని గుంట

పిల్లని గుంట అనొద్దని మా అమ్మ జీవరత్నమ్మకి లక్షసార్లు చెప్పాను. కెజియా అని చక్కటి పేరు పెట్టుకున్నాం. వింటేగా! "మనకాడ ఆడపిల్లని గుంటనక ఏటంతారే?" అని నా మీదికే వస్తుంది. ఆవిడని చూసి మా ఆయన నెహెమ్యా కూడా గుంటే అంటాడు. కెజియా అనే పేరు ఆధార్ కార్డు దాటి బయటికి రాలేదు.

ఆ రోజు కవిటి దగ్గర కొబ్బరితోటలో మా సంఘం సభలు. మధ్యాహ్నం భోజనాలప్పుడు నాలుగేళ్ల పిల్లని అమ్మకి అప్పజెప్పి నేను వడ్డనకి వెళ్లాను. కాసేపటికి అమ్మ ఒక్కతే వచ్చింది, మొహం పాలిపోయి.

"గుంట నీ కాడికొచ్చిందేటే?"

పందిరి వెనకాలే గట్టు లేని నేలబావి ఉంది. నేను అటు పరుగెత్తాను. అమ్మ వేదిక వైపు పరుగెత్తింది.

మైకు దగ్గరున్న పాస్టరుగారు గుంటూరు నుంచి మొదటిసారి ఇటు వచ్చారు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "గుంట అగుపడ్డం లేదు బాబూ, బేగి సెప్పు!" అంది. మహానుభావుడు, వెంటనే చెప్పాడు.

"ప్రియులారా! ఈ తోటలో కనబడని గుంట ఒకటి ఉందట. అందులో పడిపోగలరు. ఎవరూ లేవకండి, కూర్చున్నచోటే కూర్చోండి!"

బావి నిండా నాచు. లోపల ఏముందో తెలియడం లేదు. "రండి, ఎవరైనా దిగండి!" అని గొంతు చించుకుంటున్నాను. అన్నం విస్తళ్ల ముందు జనమంతా కాళ్లు ముడుచుకుని బుద్ధిగా కూర్చున్నారు. ఏ రోజూ లేని బుద్ధి ఆ రోజే రావాలా! "గుంటలో పడిపోడవేటే? ఆడపిల్లలో ఎలగ పడతారే?" అని ఒక ముసలామె పక్కామెని అడుగుతోంది. నా ఒళ్లు మండిపోయింది. మా ఆయన ఒక్కడే తాడు పట్టుకుని బావి దగ్గరికి వచ్చాడు.

బావి సంగతి ఆయనకి వదిలి, నేను వేదికెక్కి మైకు లాక్కున్నాను.

"అయ్యా, గుంట అంటే గొయ్యి కాదు. నా కూతురు!"

పాస్టరుగారు పక్కకి జరిగారు.

"కెజియా! ఎక్కడున్నావమ్మా? కెజియా!"

ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాను. మూడోసారి పిలవబోయాను.

"నీ కెజియా సల్లగుండ! ఇలగియ్యి" అని అమ్మ మైకు లాగేసుకుంది. "ఓలే గుంటా! ఎక్కడున్నావే?"

"ఏటీ?"

ఒక్క గొంతు కాదు. పందిరి కింది నుంచి, కొబ్బరిచెట్ల చాటు నుంచి, వంట డేగిసాల వెనక నుంచి తోటలో ఉన్న ఆడపిల్లలందరూ లేచి నిలబడ్డారు. అందరికంటే వెనక, చేతిలో అప్పడంతో, మాది.

పాస్టరుగారు ఒక్కొక్కరినే చూస్తూ, "ఇన్ని గుంటలా!" అన్నారు.

నేను వేదిక మీంచి దూకి, విస్తళ్లు తొక్కుకుంటూ వెళ్లి పిల్లని వాటేసుకున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వీపు మీద ఒక్కటి కూడా వేశాను.

"ఎక్కడికి పోయావే గుంటా!"

ఆ మాట అమ్మ చెవిలో పడనే పడింది.