రెండు సరేలు

"ఆ పళ్ళ ల్యాబు వాళ్ళు ఫోన్ చేశారులే. చెప్పేశాను."

బూటు లేసు కట్టుకుంటూ అన్నాడు మొగుడు. వీధి తలుపు గడియ పెట్టేశాను అన్నంత తేలిగ్గా. ఆమె అతని షర్టు ఇస్త్రీ చేస్తోంది. కాలరు అయింది, చేతులు మిగిలాయి.

"ఏం చెప్పారు?"

"ఏముంది, ఉన్నదే చెప్పాను. మా ఆవిడ ఇంటి దగ్గర డాక్టరు దగ్గర చేరుతోంది, మీకు చెప్పడానికి మొహమాటపడుతోంది అన్నాను. సరేనండీ అని పెట్టేశారు. నీకో తలనొప్పి తగ్గించానా లేదా?"

జవాబు కోసం ఆగలేదు. తలుపు లాక్కుని వెళ్ళిపోయాడు. ఇస్త్రీపెట్టె షర్టు చేతిమీదే ఉండిపోయింది. వాసన వచ్చాక తీసింది. పెట్టె మొన ఎంతుందో అంత గోధుమరంగు మచ్చ.

అతను అబద్ధం చెప్పలేదు. ఆమెకి మింగుడుపడనిది అదే. అబద్ధమైతే నిలదీయవచ్చు. నిజాన్ని ఏమని నిలదీస్తావు? రెండు చోట్లా సరే అన్నది ఆమే, తన నోటితోనే.

ఆమెది పళ్ళు కట్టే పని. డాక్టర్లు రోగి నోట్లో అచ్చు తీసి పంపిస్తే, దాంట్లో ప్లాస్టర్ పోసి దవడ తయారుచేసి, లేని పన్నుని మైనంలో చెక్కి నిలబెట్టాలి. దవడ పన్ను ఎలా ఉన్నా ఎవరు చూడొచ్చారు? ముందు పన్ను అలా కాదు. అది మనిషి నవ్వు. దాన్ని చెక్కగలిగేవాళ్ళు ల్యాబుకి ఒకరో ఇద్దరో ఉంటారు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు ఆమె ముందు పళ్ళే చెక్కింది. తర్వాత తొమ్మిదేళ్ళు ఆ చెయ్యి కూరలు తరిగింది, గిన్నెలు తోమింది, అత్తగారి మాత్రలు డబ్బాలో సర్దింది, పాప పెన్సిళ్ళు చెక్కింది. చెక్కుడు పని మరీ పూర్తిగా పోలేదన్నమాట.

మూడు వారాల కిందట నది అవతల పెద్ద ల్యాబులో పరీక్ష పెట్టారు. అరగంటలో ఒక ముందు పన్ను. ఎనిమిది మంది కూర్చున్నారు. ఆమె స్పిరిట్ దీపం ఎంతకీ వెలగలేదు. పక్కన కూర్చున్న రెండు జడలావిడ, నలభై దాటిన మనిషి, తన దీపాన్ని ఇద్దరి మధ్యకి జరిపింది. ఆ మంట మీదే కత్తి కాచుకుని ఆమె పన్ను చెక్కింది. మొదటి గీత పక్కకి పోయింది. మూడో గీతకి చెయ్యే దారి చూపించింది. ఆ ల్యాబులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరిని పనిలోకి తీసుకుంటే వాళ్ళ పరీక్ష పన్నుని బల్ల మీది పలకకి అంటిస్తారు. మనిషి ఉన్నన్నాళ్ళూ అదీ ఉంటుంది.

పరీక్ష మర్నాడే రెండు వీధుల అవతలి పళ్ళ డాక్టరు కబురు పెట్టాడు. పది నుంచి రెండింటి దాకా పని. అచ్చుల్లో ప్లాస్టర్ పోయడం, ట్రేలు కడగడం. పన్ను ముట్టుకునే పనే లేదు. తన సంగతి ఈయనకెలా తెలిసిందబ్బా అనుకుంది. అనుకుని ఊరుకుంది.

"చేతిలోకొచ్చినదాన్ని కాలదన్నకు. సరే అనేయ్," అన్నాడు మొగుడు. అంది.

ఐదో రోజున పెద్ద ల్యాబుకి వెళ్ళి అడిగితే వాళ్ళూ రమ్మన్నారు. ఇంటికొచ్చి మొగుణ్ణి అడిగింది. "ఇప్పుడెలా? డాక్టరుగారికి మాటిచ్చాను కదా?"

"వీళ్ళకీ సరే అను. చేరే రోజుకి చూసుకుందాం. వాళ్ళేమన్నా మనకి చుట్టాలా? ఎవడి అవసరం వాడిది."

అనుభవంతో చెప్పిన మాటే. పెళ్ళైన రెండో ఏట అతను రెండు ఆఫీసులకి సరే అని ఒక దాంట్లో చేరాడు. రెండోవాళ్ళు వారం రోజులు ఇంటికి ఫోన్ చేస్తూనే ఉన్నారు. ప్రతిసారీ ఫోన్ ఎత్తి "ఆయన ఊళ్ళో లేరండీ" అని చెప్పింది ఎవరనుకున్నారు? ఈమే. అతను పక్కన కూర్చుని మూతి మీద వేలు పెట్టుకుని నవ్వేవాడు. అత్తగారైతే కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది, "మావాడి కోసం రెండు ఆఫీసులు కొట్టుకుంటున్నాయమ్మా!" అని. అదే అత్తగారు కోడలికి రెండు ఉద్యోగాలు వచ్చాయని వినగానే, "రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఏమవుతుందో తెలుసుగా?" అంది. కొడుకు పెట్టినప్పుడు అవి పడవలు కావు కాబోలు, పల్లకీలు.

ఈమె మాత్రం రోజూ గిన్నెలు తోముతూ, డాక్టరుకి రానని చెప్పే మాటలు వల్లె వేసుకుంది. రోజూ రేపటికి వాయిదా వేసింది. ఎందుకంటే భయం. తొమ్మిదేళ్ళ తర్వాత చెయ్యి ఎదురు తిరిగితే? పెద్ద ల్యాబువాళ్ళు వారంలో పొమ్మంటే? చిన్నదైనా ఒకటి ఉండనీ అనుకుంది. అంటే, తన భయానికి డాక్టరుగారి కుర్చీని కాపలా పెట్టింది. ఇది తప్పని ఆమెకి తెలుసు. తెలిసే చేసింది. దాచిపెట్టి ఆమెని మంచిదాన్ని చెయ్యడం ఈ కథ చెప్పే నా వల్ల కాదు.

సరే, ల్యాబువాళ్ళకి అతని నంబరు ఎక్కడిది? షర్టు మచ్చ కేసి చూస్తుంటే గుర్తొచ్చింది. దరఖాస్తులో ఫోన్ నంబరు గడి ఉంది. పాప బడిలో, ఆసుపత్రిలో, బ్యాంకులో ఏ కాగితం ఇచ్చినా మొగుడి నంబరే రాసీ రాసీ చెయ్యి అలవాటుపడి, తన ఉద్యోగం కాగితం మీద కూడా అదే రాసేసింది. ముందు పన్ను వంపు మర్చిపోని చెయ్యి తన నంబరుని మర్చిపోయింది.

ప్లగ్గు పీకి చెప్పులేసుకుంది.

"ఎక్కడికే? ఆ షర్టు?" అత్తగారు గదిలోంచి.

"కాలింది అత్తయ్యా."

"కాలిందా! మరి నా మధ్యాహ్నం మాత్ర?"

"డబ్బా మీ తలగడ పక్కనే ఉంది. మూత నేనే తియ్యాలని అడగదు, తీస్తే వస్తుంది."

బస్సులో గంట. ల్యాబు పెద్దావిడని అందరూ పెద్దక్క అంటారు. తెల్ల జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. ఈమెని చూడగానే సొరుగులోంచి చిన్న కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. విప్పి చూడక్కర్లేదు. పలక మీంచి ఊడదీసిన మైనపు పన్ను.

"పనిలోకి రానన్నవాళ్ళ పన్ను వాళ్ళకిచ్చేస్తాం. తీసుకెళ్ళు," అంది పెద్దక్క.

"నేను రానని అనలేదక్కా."

"మీ ఆయన అన్నాడుగా. ఇద్దరికీ సరే అన్నావా, లేదా?"

"అన్నాను."

"ఎందుకు?"

"భయమేసి."

పెద్దక్క కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "రెండు చోట్ల సరే అనడం మహా పాపమేం కాదులే. ఒక కుర్చీకి ముగ్గుర్ని రమ్మని ఇద్దర్ని గేటు దగ్గర్నించే పంపేసిన యజమానులు నాకూ తెలుసు. వాళ్ళనెవడూ మాట తప్పాడనడు. మా సంగతి వదిలెయ్. నీ కోసం నేను వెనక్కి పంపింది ఆ రెండు జడలావిణ్ణి. రెండు వారాలు ఆవిడ ఖాళీగా కూర్చుంది, నీ భయం తీరక. ఇందాకే ఫోన్ చేశాను. ఫోన్లోనే ఏడ్చింది పిచ్చిది. సోమవారం వస్తోంది."

దీపం ఇటు జరిపిన చెయ్యి గుర్తొచ్చి ఆమె తల దించుకుంది. ఆ చోటు అడగలేదు. అడగకూడదు కూడా.

"ప్లాస్టర్ గదిలో ఒక బల్ల ఖాళీ ఉంది," అంది పెద్దక్క. "ఆరు నెలలు ముందు పన్ను ఊసెత్తకూడదు. ఒప్పుకుంటే సాయంత్రం ఆరులోపు చెప్పు. ఈసారి నీ నోటితో. నీ నంబరేది?"

చెప్పింది. రెండు అంకెల దగ్గర తడబడింది, అయినా చెప్పింది.

ముందు డాక్టరుకి రానని చెప్పాలి. వాయిదాలు చాలు. బస్సు దిగి తిన్నగా అక్కడికే వెళ్ళింది. ఆయన చేతులు కడుక్కుంటూ నవ్వాడు. "రామ్మా. సోమవారం వచ్చేస్తున్నట్టేగా?"

"మీకో మాట చెప్పాలండీ. నేను వేరే చోట కూడా..."

"తెలుసులే. ఆ నది అవతలిదేగా? మీ ఆయన ముందే చెప్పాడు. నువ్వు పరీక్షకి వెళ్ళిన రోజే వచ్చాడు పాపం. మా ఆవిడ అంత దూరం వెళ్తే ఇల్లు ఏమైపోతుంది డాక్టరుగారూ, మీ దగ్గరే ఏదో ఒకటి చూపించండి అని ఒకటే బతిమాలాడు. నిజానికి నాకు మనిషి అవసరమే లేదు. ఆ ట్రేలు మా కాంపౌండరే కడిగేవాడు. మీ ఆయన మాట కాదనలేక..."

కుళాయి కట్టేశాడు.

పరీక్ష రోజే. ఆమె దీపం వెలగక తంటాలు పడుతున్న ఆ పూటే. సరే అనేయ్ అన్నదీ, వీళ్ళకీ సరే అను అన్నదీ, చివరికి ఫోన్లో నిజం చెప్పిందీ అన్నీ ఒకే నోరు. రెండు సరేల మధ్య ఏది న్యాయమా అని ఆమె గిన్నెల ముందు కుమిలిపోయిన రెండు వారాలూ పక్కగదిలో అతను హాయిగా క్రికెట్ చూశాడు. అసలు రెండు ఉద్యోగాలు ఎప్పుడున్నాయి? ఉన్నది ఒక్కటే. రెండోది పలుపుతాడు. కొలత చూసి మరీ కట్టించాడు, పది నుంచి రెండింటి దాకా.

డాక్టరుకి చెప్పాల్సింది రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండగా బయటికొచ్చి, మెట్ల మీద నిలబడే తన ఫోన్లోంచి పెద్దక్కకి చేసింది.

"నేనక్కా. వస్తాను. ప్లాస్టర్ గదికే."

"సరే. పొట్లం కూడా తెచ్చుకో. ఆరు నెలల తర్వాత చూద్దాం."

మొగుడు ఆ సాయంత్రం మామూలు కంటే ముందే వచ్చాడు. బూట్లు విప్పకుండానే హాల్లో నిలబడ్డాడు. కుర్చీ వీపుకి కాలిన షర్టు వేలాడుతోంది. ఆమె పాప బడి కాగితం మీద ఫోన్ నంబరు కొట్టేసి కొత్తది రాస్తోంది.

"డాక్టరు ఫోన్ చేశాడు. నువ్వేదో అన్నావట, ఆయన నవ్వాలో ఏడవాలో తెలీటం లేదంటున్నాడు. నా పరువు తీశావు. మాటిచ్చాక తప్పొచ్చా? ఏం చెప్పి వచ్చావసలు?"

ఆమె రాస్తున్న అంకె పూర్తి చేసింది.

"ఉన్నదే చెప్పాను. మిమ్మల్ని పని అడిగింది నేను కాదండీ, మా ఆయన, కాబట్టి సోమవారం ఆయనే వస్తారు అన్నాను. పదింటికల్లా వెళ్ళండి. ట్రేలు ముందు చన్నీళ్ళలో నానబెట్టాలట."