గోడ మీద రెండు వీపులు

నా కళ్లు రెండిటికీ శుక్లాలు కమ్మాయి. కూతురికి బిడ్డ పుడితే ఒళ్లో పెట్టుకున్నానే గాని మొహం కనబడలేదు. ఆవిరిలోంచి చూసినట్టుంది. బీపీ దిగితే తప్ప ఆపరేషన్ చెయ్యనని కళ్ల డాక్టరు తెగేసి చెప్పాడు.

మాత్రలు ఆపకుండా, వాటితో పాటు చెయ్యమని నర్సమ్మ మూడు పనులు చెప్పింది. రోజూ నడవాలి. రబ్బరు బంతిని పిడికిట్లో నొక్కి పట్టాలి. గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండానే కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి ఉండాలి. ఊపిరి మాత్రం బిగపట్టొద్దంది. సరేనన్నాను.

నడిచినన్నాళ్లు కాస్త దిగింది. గోడ పని మొదలెట్టాక మళ్లీ ఎక్కింది. ఊపిరి బిగపడుతున్నావేమో నాన్నా అని కూతురు అడిగింది. లేదన్నాను. నిజంగానే లేదనుకున్నాను.

బతుకంతా నేను బాయిలర్‌కి బొగ్గు వేశాను. దాని తలుపు తెరిచినప్పుడు ఊపిరి ఆపాలి, లేకపోతే సెగ లోపలికి పోతుంది. ఒకడు బొగ్గు వేస్తే ఒకడు తలుపు మూసి, ఇక వదలమని చెప్పాలి. అలా చెప్పేవాడు నా జోడీ. తన వంతు వచ్చినప్పుడల్లా పార మోసి మోసి వాడి ఎడమ భుజం కిందికి జారింది. అందుకని తక్కెడ అని పిలిచేవాళ్లం. బాయిలర్ గేజీలో ముల్లు ఎర్రగీత దాటకుండా కాపలా కాసిన మనిషి, తన ఒంట్లో బీపీ ముల్లు ఎక్కడుందో ఏనాడూ చూపించుకోలేదు. ఆ తలుపు ముందే ఒరిగిపోయాడు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు గోడకు ఆనాను. తొడలు వణుకుతున్నాయి. పక్కన ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినబడింది. బొంగురుగా, చివర సన్నటి ఈలతో. బొగ్గు దుమ్ము తిన్న రొమ్ము చప్పుడది. నాదేననుకుని ముక్కు కింద వేలు పెట్టుకున్నాను. గాలి తగల్లేదు. నేను ఊపిరి ఆపే ఉన్నాను.

ఆ గోడ వెనక గది లేదు. మాది పై అంతస్తు. అవతల ఉన్నది గాలే.

అప్పుడు చెవి పక్కనే మాట వినబడింది.

"వదలరా. తలుపేశాను."

వదిలేశాను. ఒళ్లంతా చెమట. కూలబడిపోయాను.

కూతురికి చెప్పలేదు. చెబితే గోడ పని మాన్పించేది. మర్నాడు భయపడుతూనే ఆనాను. పక్కన ఊపిరి మొదలైంది. అది తీస్తే తీశాను, వదిలితే వదిలాను. కొన్ని వారాలకు బీపీ దిగింది. నర్సమ్మ మెచ్చుకుంది. ఆపరేషన్లు అయ్యాయి.

కట్టు విప్పాక బిడ్డ మొహం చూశాను. గడ్డం మీద సొట్ట, అచ్చం వాళ్లమ్మకున్నట్టే. తనివితీరా చూసుకున్నాను.

ఇంటికొచ్చాక కూతురు గోడ చూపించి విసుక్కుంది.

"ఒక్కచోట ఆనుకుంటే సరిపోయేది కదా నాన్నా. రెండు చోట్లా రంగు పోగొట్టావు."

చూశాను. గోడ మీద రెండు వీపుల మరకలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి నాది. రెండోది బొగ్గు మసిలా నల్లగా ఉంది. దాని ఎడమ భుజం కిందికి జారి ఉంది.

చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా తగిలింది.

చోటు మారుస్తుంటానని కూతురికి చెప్పాను. అది వంటింట్లోకి వెళ్లాక, నా మరకలో వీపు ఆనించి మోకాళ్లు వంచాను. బీపీ మళ్లీ ఎక్కకూడదు కదా.